రాత లెక్కలో రెండుసార్లు చెప్పిన మాట



కూడిక, తీసివేత, గుణకారము, భాగహారము అనే నాలుగు పరికర్మలను తడుముకొనకుండ చేయగలిగిన పిల్లవాడు, ఎక్కములను 20 వరకు గడగడ ఒప్పచెప్పగలవాడు, భిన్నములను చూచి బెదరనివాడు, నాలుగు వాక్యములలో చెప్పిన ఒక చిన్న రాత లెక్క ఎదుట మాత్రము కలము పట్టుకొని కదలక మెదలక కూర్చుండిపోవుట మనము ఇంటింట చూస్తున్నదే. వానిని అడిగి చూడండి. "లెక్క చేయడము వచ్చును, కాని ఏమి చేయవలెనో తెలియడము లేదు" అంటాడు. ఆ మాట నిజము. వానికి కొరవడినది గణనశక్తి కాదు. మాటలలో ఉన్న లెక్కను గుర్తులలోనికి తెచ్చుకొనే ఉపాయము వానికి ఎవ్వరును విడమరచి చెప్పలేదు. ఆ ఉపాయమును గూర్చియే నేటి ప్రసంగము.

ఆ ఉపాయమును ముందుగానే ఒక్క మాటలో చెబుతాను. రాత లెక్క ఎంత పెద్దదైనను, ఎంత చిక్కుగా కనబడినను, దానిలో ఎక్కడో ఒకచోట ఒకే రాశిని రెండు విధాలుగా చెప్పి ఉంటారు. ఆ రాశి ఏదో కనిపెట్టవలెను. దానిని గూర్చి చెప్పిన రెండు మాటలను ఎదురెదురుగా ఉంచి, నడుమ సమానచిహ్నము పెట్టవలెను. అదే సమీకరణము. మరల చెబుతున్నాను. ఒకే రాశి. రెండు మాటలు. నడుమ సమానచిహ్నము. ఇంతకు మించిన రహస్యము ఇందులో లేదు.

ఈ మాటను ఇంత నొక్కి చెప్పుటకు కారణమున్నది. మన పిల్లలలో చాలామంది రాత లెక్కను చదవరు. దానిలో ఆనవాళ్లకోసము వెదకుతారు. "ఎక్కువ" అని కనబడితే కూడుతారు. "తక్కువ" అని కనబడితే తీసివేస్తారు. "ఇంతలు" అన్నచోట గుణిస్తారు. ఇది ప్రమాదకరమైన అలవాటు. ఒక లెక్క వినండి. సీతవద్ద 20 పూసలున్నవి. ఇవి గీతవద్ద ఉన్న పూసలకంటె 5 ఎక్కువ. గీతవద్ద ఎన్ని ఉన్నవి? "ఎక్కువ" అనే మాట చెవిని పడగానే 20కి 5 కలిపి, 25 అని చెప్పే పిల్లలు ఎందరో ఉన్నారు. కాని ఎక్కువ ఉన్నది ఎవరివద్ద? సీతవద్ద. రెండు విధాలుగా చెప్పబడిన రాశి ఏది? సీత పూసలే. అవి 20 అని ఒకసారి చెప్పినారు. గీత పూసలకు 5 కలిపితే ఎన్నియో అన్ని అని మరియొకసారి చెప్పినారు. కాబట్టి గీత పూసలకు 5 కలిపితే 20. గీతవద్ద ఉన్నవి 15. చూచినారా! ఆనవాలు పట్టుకొన్నవాడు తప్పినాడు. రెండుసార్లు చెప్పిన రాశిని పట్టుకొన్నవాడు గట్టెక్కినాడు.

ఇప్పుడు మరికొంచెము పెద్ద లెక్క తీసుకొందాము. తోటనుండి వచ్చిన 60 మామిడిపండ్లను రెండు గంపలలో సర్దినారు. పెద్ద గంపలో చిన్న గంపకంటె 12 పండ్లు ఎక్కువ పట్టినవి. ఏ గంపలో ఎన్ని పండ్లున్నవి? ఇక్కడ తొందరపడిన పిల్లవాడు 60లోనుండి 12 తీసివేసి, ఒక గంపలో 48, రెండవదానిలో 12 అంటాడు. మొత్తము 60 అయినది కదా అని సంతోషిస్తాడు. కాని 48కి, 12కి నడుమ తేడా 36. లెక్కలో చెప్పిన తేడా 12. సమాధానము చెల్లదు.

మనము నెమ్మదిగా పోదాము. తెలియనిది ఏది? చిన్న గంపలోని పండ్ల సంఖ్య. తెలియదని విడిచిపెట్టక దానికి ఒక పేరు పెడదాము. బడిపిల్లలు ఎక్స్ అని వ్రాస్తారు. మనము "య" అందాము. చిన్న గంపలో య పండ్లు. మరి పెద్ద గంపలో? య, ఇంకను 12. ఇప్పుడు రెండు విధాలుగా చెప్పబడిన రాశి ఏది? మొత్తము పండ్లు. మొత్తము 60 అని ఒక మాట. చిన్న గంప, పెద్ద గంప కలిసి మొత్తము అనేది రెండవ మాట. చిన్న గంపలో య, పెద్ద గంపలో య, పైన 12. అంటే రెండు యలు, 12. అది 60తో సమానము. సమీకరణము సిద్ధమైనది.

ఇక మిగిలినది తేలిక పని. రెండు వైపులనుండి 12 తీసివేయండి. రెండు యలు 48. ఒక య 24. చిన్న గంపలో 24, పెద్ద గంపలో 36. కలిపితే 60. తేడా 12. కథలో చెప్పిన రెండు సంగతులును సరిపోయినవి.

రెండు వైపులనుండి తీసివేయండి అన్నాను. ఎందుకు రెండు వైపులనుండి? కిరాణా కొట్టులో త్రాసు చూచినవారెవ్వరికైనను ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. తట్టలు రెండును సరితూగి నిలిచి ఉండగా ఒక తట్టలోనుండి ఏదైనా తీస్తే ముల్లు ఒరిగిపోతుంది. రెండవ తట్టలోనుండి అంతే బరువు తీసినప్పుడు మరల నిలుస్తుంది. సమీకరణమునకును రెండు పక్షములు. ఒక పక్షమున చేసినది రెండవ పక్షమునను చేయవలెను. కలిపితే రెంటికిని కలపండి. తీస్తే రెంటిలోనుండి తీయండి. బళ్లలో పిల్లలు "ఈ పక్షమునుండి ఆ పక్షమునకు పోతే గుర్తు మారుతుంది" అని వల్లిస్తూ ఉంటారు. అది సరియైన సూత్రమే, కాని కారణము తెలియక వల్లించినవానికి అది మంత్రమై కూర్చుంటుంది. 12 ఆవలి పక్షమునకు దుమికిపోలేదు. రెండు పక్షములనుండియు మనము 12 తీసివేసినాము. అంతే. ఈ ఒక్క సంగతి పిల్లవానికి కంటికి కట్టినట్లు చూపితే, గుర్తు ఎప్పుడు మారునో, ఎప్పుడు మారదో వాడు మరి ఎవ్వరిని అడగవలసిన పని లేదు.

శ్రోతలారా, తెలియనిదానికి పేరు పెట్టడమనే ఈ ఊహ మానవునికి ఒక్కనాటిలో తట్టినది కాదు. క్రీస్తుకు పూర్వము 1550 ప్రాంతమున ఈజిప్టులో అహ్మెసు అనే లేఖకుడు పెపైరసుమీద నకలు వ్రాసిన గణితగ్రంథమొకటి నేడు లండనులోని బ్రిటిషు మ్యూజియములో ఉన్నది. దానిలో ఒక లెక్క తాత్పర్యమిది. ఒక రాశి, దానిలో నాల్గవవంతు, రెండును కలిస్తే 15. ఆ రాశి ఎంత? వారు పేరు పెట్టలేదు. ఒక సంఖ్యను ఊహించుకొన్నారు. ఆ రాశి 4 అనుకొందాము అన్నారు. నాల్గవవంతు 1. కలిస్తే 5. కాని కావలసినది 15. అది 5కు మూడింతలు. కాబట్టి ఊహించుకొన్న 4ను కూడ మూడింతలు చేయవలెను. రాశి 12. మన భాస్కరాచార్యుడును తన లీలావతిలో ఇటువంటి పద్ధతినే ఇష్టకర్మ అనే పేరుతో బోధించినాడు. మనకు ఇష్టమైన సంఖ్యను తీసుకొని మొదలుపెట్టి, వచ్చిన ఫలమునుబట్టి దిద్దుకొనడమన్నమాట.

ఆ ఈజిప్టు లెక్క మూడువేల అయిదువందల ఏండ్లనాటిదని దూరముగా ఉంచకండి. అది మన అంగడి వీధిలో ఈనాడును తిరుగుతున్నది. ఒక వర్తకుడు కొన్నవెలమీద నూటికి 20 లాభము వేసుకొని ఒక చీరను 600 రూపాయలకు అమ్మినాడు. కొన్నవెల ఎంత? 600లో నూటికి 20 అంటే 120, దానిని తీసివేస్తే 480 అని చాలామంది, పెద్దలు సైతము, చెబుతారు. పరీక్షించి చూడండి. 480మీద నూటికి 20 వేస్తే 96. రెండును కలిస్తే 576 మాత్రమే. 600 కాలేదు. లాభము వేసినది కొన్నవెలమీద. మనము తీసినది అమ్మినవెలమీద. పొరపాటు అక్కడ ఉన్నది. ఇప్పుడు రెండు విధాలుగా చెప్పిన రాశిని వెదకుదాము. అమ్మినవెల. అది 600 అని ఒక మాట. కొన్నవెల, దానిలో అయిదవవంతు కలిసినదని రెండవ మాట. కొన్నవెల య అనుకొంటే, యలో అయిదవవంతులు ఆరు కలిసి 600. ఒక అయిదవవంతు 100. కాబట్టి య 500. ఈజిప్టు లేఖకుని లెక్కయే ఇది. నాల్గవవంతు అయిదవవంతుగా మారినది, 15 అన్నచోట 600 వచ్చినది. రూపము మాత్రము ఒక్కటే.

ఊహించి దిద్దుకొనడమునుండి పేరు పెట్టి నడవడమునకు వచ్చిన ప్రయాణములో మన దేశపు గణితజ్ఞుల పాలు చాల గొప్పది. బ్రహ్మగుప్తుడు 628లో రచించిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతములో ధనము, ఋణము, శూన్యము అనే మూడింటిని ఎట్లు కూడవలెనో, ఎట్లు తీసివేయవలెనో, ఎట్లు గుణించవలెనో నియమములు చెప్పి, తెలియని రాశిని అవ్యక్తమని వ్యవహరించినాడు. 1114లో జన్మించిన భాస్కరాచార్యుడు తన 36వ ఏట, అనగా 1150లో, సిద్ధాంతశిరోమణిని రచించినాడు. అందులోని బీజగణితములో తెలియని మొదటి రాశిని యావత్తావత్తు అని పిలిచి, దానిని క్లుప్తముగా "యా" అని వ్రాసే సంప్రదాయము కనబడుతుంది. తెలియని రాశులు ఒకటికంటె ఎక్కువ అయితే రంగుల పేర్లు పెట్టినారు. కాలకము, నీలకము, పీతకము, లోహితకము. అంటే నల్లనిది, నీలము, పసుపు, ఎరుపు. నేటి పిల్లలు ఎక్స్, వై, జడ్ అంటున్న చోట ఆనాటి శిష్యులు రంగుల పేర్లు పలికేవారు. ఐతే ఆ భాస్కరుడే ఇంకొక మాట కూడ చెప్పినాడు. అక్షరములు బీజము కావనియు, బుద్ధియే బీజమనియు ఆయన అభిప్రాయము. ఈ అభిప్రాయమును మన బడులలో గోడమీద వ్రాసిపెట్టుకొనదగును. ఎక్స్ వ్రాసినంతమాత్రమున లెక్క తేలదు. ఆ ఎక్స్ దేనికి పేరో తెలిసి వ్రాసినప్పుడే తేలుతుంది.

భాస్కరుని బీజగణితములో ఏకవర్ణసమీకరణము, అనగా తెలియనిది ఒక్కటే అయిన సమీకరణము, చెప్పేచోట వచ్చే ఒక గుర్రముల లెక్కను మీకు నా మాటలలో చెబుతాను. శ్రద్ధగా వినండి. ఒకనివద్ద 6 గుర్రములు, 300 నాణెములు ఉన్నవి. మరియొకనివద్ద 10 గుర్రములున్నవి, కాని వాడు 100 నాణెములు అప్పు పడినాడు. గుర్రములన్నింటి వెల ఒక్కటే. ఇద్దరి సంపద సమానము. గుర్రము వెల ఎంత? మరల చెబుతాను. మొదటివాడు, 6 గుర్రములు, 300 నాణెములు. రెండవవాడు, 10 గుర్రములు, 100 అప్పు. సంపద సమానము.

రెండు విధాలుగా చెప్పిన రాశి ఇక్కడ దాగి లేదు. సంపద సమానమని కథయే చెబుతున్నది. గుర్రము వెల య అనుకొందాము. మొదటివాని సంపద 6 యలు, పైన 300. రెండవవాని సంపద 10 యలు, అందులో 100 తక్కువ. ఇవి రెండును సమానము. ఇప్పుడు ఇద్దరినుండి ఆరేసి గుర్రములు తోలుకొనిపోయినారనుకొనండి. ఇద్దరును ఒకే వెలగల ఆరింటిని పోగొట్టుకొన్నారు కనుక సంపద ఇంకను సమానమే. మొదటివానివద్ద 300 నాణెములు మాత్రము మిగిలినవి. రెండవవానివద్ద 4 గుర్రములు, 100 అప్పు. ఇప్పుడు ఎవరో ఉదారుడు ఇద్దరికిని నూరేసి నాణెములు దానము చేసినాడనుకొనండి. మొదటివానివద్ద 400 అయినవి. రెండవవాడు ఆ నూటితో అప్పు తీర్చుకొన్నాడు; వానివద్ద 4 గుర్రములే ఉన్నవి. కాబట్టి 4 గుర్రములు 400. ఒక గుర్రము 100. సరిచూడండి. ఆరు వందలు, మూడు వందలు కలిసి 900. వెయ్యిలో 100 పోతే 900. ఇద్దరికిని 900.

ఈ లెక్కలో ఎంత గొప్ప బోధన ఉన్నదో గమనించండి. ఋణసంఖ్యను అప్పుగా చూపినాడు. అప్పు ఉన్న పక్షమునకు ధనము కలిపితే అప్పు తీరుతుందని చూపినాడు. పక్షాంతరములో గుర్తు ఎందుకు మారుతుందో ఏ సూత్రమును వల్లించకుండనే మనకు బోధపడినది. సుమారు తొమ్మిది శతాబ్దములనాటి ఈ లెక్కను నేటి తరగతి గదిలో ఒక్క అక్షరము మార్చకుండ చెప్పవచ్చును.

సమానచిహ్నమును గూర్చియు ఒక మాట. మనము నేడు వాడే రెండు సమాంతర రేఖల గుర్తును 1557లో అచ్చైన తన పుస్తకములో రాబర్ట్ రికార్డు అనే బ్రిటిషు పండితుడు ప్రవేశపెట్టినాడు. రెండు సమాంతర రేఖలకంటె సమానమైన వస్తువులు వేరే లేవని ఆయన కారణము చెప్పినాడు. పిల్లలు ఆ గుర్తును "ఇక జవాబు వ్రాయి" అనే ఆజ్ఞగా భావిస్తారు. అది ఆజ్ఞ కాదు. ఈ వైపు ఉన్నదియు, ఆ వైపు ఉన్నదియు ఒక్కటే అని చెప్పే సాక్ష్యము. ఒకే రాశి, రెండు మాటలు. మరల అక్కడికే వచ్చినాము.

ఇప్పుడు పెరటిలోనికి వెళ్లుదాము. ఒక రైతు దొడ్డిలో కోళ్లు, మేకలు కలిసి 20 తలలున్నవి. కాళ్లు లెక్కపెడితే 56. కోళ్లెన్ని, మేకలెన్ని? చదువురాని వృద్ధురాలు కూడ దీనిని నోటితో ఇట్లు తేల్చివేయగలదు. "అన్నియు కోళ్లే అయితే కాళ్లు 40. ఉన్నవి 56. పదహారు ఎక్కువ. మేకకు కోడికంటె రెండు కాళ్లు ఎక్కువ. కాబట్టి మేకలు 8, కోళ్లు 12." అంతే, అయిపోయినది. మరి బీజగణితము ఏమి చెబుతుంది? మేకలు య. కోళ్లు, 20లో య తక్కువ. తెలియనివి రెండైనను పేరు ఒక్కటే చాలినది, ఎందుకనగా రెండవదానిని మొదటిదాని మాటలతో చెప్పగలిగినాము. రెండు విధాలుగా చెప్పిన రాశి కాళ్ల సంఖ్య. మేకల కాళ్లు 4 యలు. కోళ్ల కాళ్లు, 40లో రెండు యలు తక్కువ. కలిపితే 40, పైన రెండు యలు. అది 56. ఆ వృద్ధురాలు నోటితో అన్న మాటయే ఈ పంక్తిలో ఉన్నది. 40 అంటే అన్నియు కోళ్లే అనుకొన్న లెక్క. రెండు యలు అంటే ఒక్కొక్క మేకకు అదనముగా వచ్చిన రెండేసి కాళ్లు. నోటి లెక్కకును బీజగణితమునకును విరోధము లేదు. నోటి లెక్కలో ప్రతిసారి కొత్త యుక్తి వెదుకుకొనవలెను. సమీకరణములో ఒకే యుక్తి అన్నింటికి చాలును.

ఇదే లెక్కలో కాళ్లు 57 అని ఉంటే ఏమవుతుంది? సమీకరణము అడ్డు చెప్పదు. ఎనిమిదిన్నర మేకలు అని చెబుతుంది. అడ్డు చెప్పవలసినది మనమే. సగము మేక ఉండదు. కాబట్టి కాళ్లు లెక్కపెట్టుటలోనే పొరపాటు జరిగినది. అందుచేత జవాబును సమీకరణములో పెట్టి చూచుకొంటే చాలదు. కథలో పెట్టి చూచుకొనవలెను.

ఇక వయస్సుల లెక్కలు. పిల్లలకు వీటియందు ఉన్నంత భయము మరి దేనియందును లేదు. తండ్రికి 40 ఏండ్లు, కుమారునికి 10. ఎన్ని ఏండ్లకు తండ్రి వయస్సు కుమారుని వయస్సుకు రెట్టింపు అవుతుంది? కుమారునికి 20 వస్తే 40కి సగము కదా, కాబట్టి 10 ఏండ్లకు అని కొందరంటారు. కాని ఆ 10 ఏండ్లలో తండ్రి ఊరకే నిలిచి ఉంటాడా? ఆయనకు 50 వస్తుంది. కాలము ఇద్దరికిని ఒక్కటే. య ఏండ్ల తరువాత తండ్రికి 40, య. కుమారునికి 10, య. దానికి రెట్టింపు 20, రెండు యలు. తండ్రి వయస్సును రెండు విధాలుగా చెప్పినాము. 40, య ఒక మాట. 20, రెండు యలు మరియొక మాట. రెండు పక్షములనుండియు ఒక య తీసివేయండి, 20 తీసివేయండి. య 20. అప్పటికి తండ్రికి 60, కుమారునికి 30.

ఇంకొకటి వినండి. తండ్రికి 45, కుమార్తెకు 21. ఎన్ని ఏండ్లకు తండ్రి వయస్సు కుమార్తె వయస్సుకు మూడింతలవుతుంది? సమీకరణము వ్రాస్తే, 45, య ఒక వైపు. 63, మూడు యలు మరియొక వైపు. సాధిస్తే య ఋణ 9 వస్తుంది. పిల్లవాడు తప్పు చేసినాననుకొని కొట్టివేస్తాడు. కొట్టివేయనీయకండి. లెక్క తప్పలేదు. ప్రశ్న ముందుకు చూచినది. సమాధానము వెనుకకు చూపినది. 9 ఏండ్ల క్రితము తండ్రికి 36, కుమార్తెకు 12. అప్పుడే మూడింతలు. గుర్రముల లెక్కలో అప్పుగా కనబడిన ఋణము ఇక్కడ గడచిన కాలముగా కనబడినది. మనము అడిగినది తప్పుదిశలోనైనను, సమీకరణము సరియైన దిశను మనకు చూపుతున్నది. ఇది నాకు ఎంతయో అబ్బురము కలిగించే సంగతి.

తెలుగువారికి ఈ విద్య కొత్త కాదు. 9వ శతాబ్దిలో, రాష్ట్రకూట ప్రభువైన అమోఘవర్షుని కాలమున, మహావీరాచార్యుడు సంస్కృతములో రచించిన గణితసారసంగ్రహమును 11వ శతాబ్దివాడని పెద్దలు చెప్పే పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చినాడు. లెక్కలను పద్యములలో చెప్పుట అలంకారముకొరకు మాత్రమే కాదు. విన్నవాడు లెక్కను మనస్సున నిలుపుకొనవలెను. నిలుపుకొన్నవాడు దానిని పదే పదే తలచుకొనవలెను. తలచుకొన్నవానికి ఏ మాట దేనిని గూర్చి చెప్పబడినదో తేటపడవలెను. మనము రేడియోలో నేడు చేస్తున్న పనియు అదియే కదా. పలక లేదు, నల్లబల్ల లేదు. చెవియు మనస్సును ఉన్నవి.

అట్లు వినదగిన లెక్కయొకటి లీలావతిలోనిది, నా మాటలలో చెబుతాను. ఒక తుమ్మెదల గుంపులో అయిదవవంతు కడిమిపూలమీద వాలినవి. మూడవవంతు వేరొక పూవుమీద వాలినవి. ఈ రెండు భాగములకు గల తేడాకు మూడింతలు కొడిసెపూలకు పోయినవి. ఒక్క తుమ్మెద మాత్రము ఎక్కడ వాలుటకును తోచక ఆకాశమున తిరుగాడుతున్నది. గుంపులో ఎన్ని తుమ్మెదలు? ఇక్కడ రెండు విధాలుగా చెప్పిన రాశి ఏది? మొత్తము ఎంతో చెప్పలేదు కదా అని మీరనవచ్చును. చెప్పినారు. గుంపు అని ఒక మాటగా చెప్పినారు. దాని ముక్కలన్నింటిని వరుసగా చెప్పి, రెండవ మాటగా చెప్పినారు. మొత్తము ఒక మాట. ముక్కలన్నియు కలిసి మరియొక మాట. గుంపును 15 వంతులు చేయండి. అయిదవవంతు అంటే 3 వంతులు. మూడవవంతు అంటే 5 వంతులు. తేడా 2. దానికి మూడింతలు 6. మూడు, అయిదు, ఆరు కలిసి 14 వంతులు. పదిహేనింటిలో మిగిలినది ఒక్క వంతు. ఆ వంతు ఆ ఒంటి తుమ్మెద. కాబట్టి గుంపులో 15 తుమ్మెదలు.

తల్లులారా, తండ్రులారా, ఉపాధ్యాయులారా! పిల్లవాడు రాత లెక్క పట్టుకొని మీయొద్దకు వచ్చినప్పుడు "కూడవలెనా, తీసివేయవలెనా" అని వానిని అడగకండి. ఆ ప్రశ్నయే వానిని దారి తప్పించేది. మొదట పుస్తకము మూయించి, కథను సొంత మాటలలో చెప్పమనండి. చెప్పలేకపోతే వానికి లెక్క రాదని కాదు. ఇంకను చదవలేదని అర్థము. మరల చదవమనండి. తరువాత "తెలియనిది ఏది? దానికి పేరు పెట్టు" అనండి. పేరు పెట్టేటప్పుడు "య అంటే గుర్రము" అననీయకండి. "య అంటే గుర్రము వెల" అనవలెను. పేరు వస్తువుకు కాదు, సంఖ్యకు. ఎందరో పిల్లలు ఇక్కడనే జారిపడుతున్నారు. అటుపిమ్మట "ఈ కథలో ఏ రాశిని రెండుసార్లు చెప్పినారు?" అని అడిగి, మీరు ఊరకుండండి. వానిని ఆలోచించనీయండి. ఆ మౌనము ఎంతసేపు సాగినను ఓర్చుకొనండి. సమీకరణము కుదిరిన తరువాత దానిని సాధించుట వానికి వచ్చును. చివరకు జవాబును తెచ్చి కథలో పెట్టి చదవమనండి.

ఇంకొక అభ్యాసము కూడ చేయించండి. ఇది చాల ఫలమిచ్చేది. కథనుండి సమీకరణమునకు రావడము కాదు. సమీకరణమునుండి కథకు పోవడము. మూడు యలు, పైన 10, మొత్తము 100. ఈ ఒక్క పంక్తి పిల్లవానికి ఇచ్చి, దీనికి తగిన కథ చెప్పమనండి. ఒకడు, ఒకే వెలగల మూడు నోటుపుస్తకములును 10 రూపాయల కలమును కొని 100 రూపాయలు ఇచ్చినానంటాడు. మరియొకడు, సభలో మూడు సమానమైన వరుసల కుర్చీలును విడిగా 10 కుర్చీలును వేసి 100 మందిని కూర్చుండబెట్టినానంటాడు. కథలు వేరు, సమీకరణము ఒక్కటే, య విలువ 30. ఇట్లు కథలు అల్లడము మరిగిన పిల్లవాడు, లెక్క వ్రాసేవారు ఒకే రాశిని రెండు మాటలలో ఎట్లు దాచిపెడతారో లోపలినుండి తెలుసుకొంటాడు. ఈ రాత్రి భోజనములైన తరువాత మీ ఇంటిలో ఒక్కొక్కరు ఒక్కొక్క కథ చెప్పండి. పెద్దలు కూడ చెప్పండి.